పిల్లల విజ్ఞాన కార్యక్రమాలు: కొన్నేళ్లు పక్కన కూర్చుని చూశాక

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి మాటలు వచ్చిన రోజుల నుంచి చిన్నవాడు కూడికలు చేసే దాకా, విజ్ఞానం అన్న ముద్ర ఉన్న కార్యక్రమాలు చాలానే చూశాం. నేను చూసేది ఒక్కటే: టీవీ ముందు పిల్లలు నోరు విప్పుతున్నారా, లేక నోరు తెరుచుకుని ఉండిపోతున్నారా? ఈ పరీక్షలో పేరున్నవి కూడా కొన్ని తప్పాయి.

మా ఇంట్లో మొదటి స్థానం ‘నంబర్‌బ్లాక్స్’ది. 2017లో బీబీసీ పిల్లల ఛానల్‌లో మొదలైంది. ఒక్కో భాగం ఐదు నిమిషాలే. ఏ అంకె అయితే అన్ని ఘనాలతో చేసిన బొమ్మ. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కూడిక, విడిపోతే తీసివేత. నాలుగు తనను తాను చతురస్రంగా అమర్చుకుని మురిసిపోతుంది. పదిహేనేమో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు చొప్పున మెట్లుగా మారిపోతుంది. అది చూసి మావాడు చెక్క దిమ్మలు నేల మీద గుమ్మరించి అవే మెట్లు కట్టాడు. ఎవరూ చెప్పకుండానే ఆరో మెట్టు కూడా చేర్చి, మొత్తం ఇరవై ఒకటని ప్రకటించాడు. ఎక్కాలు అప్పజెప్పించుకునే నాకు ఆ పూట ఇక పని లేకపోయింది.

‘సెసమీ స్ట్రీట్’ 1969 నాటిది. దాని నమూనా భాగాలు చూపిస్తూ, పక్కనే మరో తెర మీద ఏడున్నర సెకన్లకో బొమ్మ మార్చి, పిల్లల చూపు ఎక్కడ పక్కకు పోతోందో గమనించేవారట. ఆ శ్రద్ధ ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. పెద్దలకు అందే చమత్కారాలు ఉంటాయి కాబట్టి నేనూ లేచి వెళ్లను. దుకాణదారు హూపర్‌గా నటించిన ఆయన మరణించాక, 1983లో ఆ పాత్ర కూడా చనిపోయిందని పిల్లలకు దాచకుండా చెప్పిన భాగం ఒకటుంది. హూపర్ ఇక తిరిగి రాడని అందులోని ‘బిగ్ బర్డ్’ అనే పెద్ద పక్షి పాత్రకు అర్థం కాదు. మా అమ్మాయి ఆ రోజు అడిగిన ప్రశ్నలు నేను ఎప్పటికైనా ఎదుర్కోవాల్సినవే. టీవీ ముందుగా దారి వేసింది.

‘బ్లూస్ క్లూస్’ చిన్నపిల్లలకే. అందులో వ్యాఖ్యాత ప్రశ్న వేసి, జవాబు కోసం మనవైపు చూస్తూ ఆగుతాడు. ఆ నిశ్శబ్దం పెద్దలకు ఇబ్బందే, మూడేళ్ల పిల్లలు మాత్రం సంబరంగా అరుస్తారు. మొదట్లో ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులూ వేసేవారు. పక్కన కూర్చునేవారికి ఓపిక కావాలి మరి.

‘మ్యాజిక్ స్కూల్ బస్’లో నాకు బాగా నచ్చినది చివరి ఘట్టం. బస్సు మనిషి కడుపులోకి దూరడం లాంటి వింతలన్నీ అయ్యాక, ప్రేక్షకులు ఫోన్ చేసి ‘ఇది నిజంగా జరగదు కదా’ అని నిర్మాతలను నిలదీస్తారు. ఎక్కడ కల్పించారో వాళ్లే ఒప్పుకుంటారు. ఇప్పుడు మా ఇంట్లో ఏ సినిమా చూసినా ఈ తనిఖీ తప్పడం లేదు.

నచ్చనివీ ఉన్నాయి. పేరు చెప్పను కానీ, రంగులు, అక్షరాలు నేర్పుతామనే ఒక పాటల కార్యక్రమం రెప్ప వేసేలోపు దృశ్యం మార్చేస్తుంది. ఆపితే ఏడుపు, ఏం చూశావంటే జవాబు లేదు. తీసేశాం.

అందరం కలిసి చూసేది సముద్ర జీవుల మీద తీసిన డాక్యుమెంటరీ ‘బ్లూ ప్లానెట్ 2’. సొరచేప నుంచి తప్పించుకోవడానికి ఆక్టోపస్ ఒంటినిండా గవ్వలు, చిప్పలు కప్పుకునే ఘట్టాన్ని వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వేయించారు. వేట దృశ్యాలకు చిన్నవాడు భయపడతాడు కాబట్టి రిమోట్ నా చేతిలోనే ఉంటుంది. మా అమ్మాయికి మాత్రం ఆ దృశ్యాలు దాటేయడం నచ్చదు, సొరచేపకూ ఆకలేస్తుంది కదా అంటుంది.