వేళ్లు కొంకర్లు పోకుండా లద్దాఖ్ వెళ్లివచ్చిన కథ

లంబసింగిలో ఒక డిసెంబరు తెల్లవారుజామున నా వేళ్లు కొంకర్లు పోయాయి. నర్సీపట్నం నుంచి బైకు మీద ఘాట్ ఎక్కుతూ మంచులోకి వెళ్లిన అరగంటకే ఎడమ చెయ్యి క్లచ్ మీద బిగుసుకుపోయింది. మలుపులో ఎదురుగా జీపు వచ్చినప్పుడు కుడిచేతి వేళ్లు బ్రేకును అందుకోవడానికి పట్టిన ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. విశాఖలో పుట్టి పెరిగిన నాకు అంతవరకు చలి అంటే స్వెట్టర్ వేసుకుంటే పోయేదే. లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. ఆ మాటలో అతిశయం ఉందని ఆ రోజు నాకు అనిపించలేదు.

ఆ తర్వాతి సెప్టెంబరులో మా బావతో కలిసి మనాలి మీదుగా లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లాలని అప్పటికే అనుకున్నాం. వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలోనే ఇలా ఉంటే అయిదు వేల మీటర్ల కనుమల్లో ఏం కావాలి? థర్మామీటరు 5 డిగ్రీలు చూపినా, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో తగిలే గాలిలో చర్మానికి అది మైనస్ 2లా ఉంటుంది. హీటెడ్ గ్రిప్పులు, అంటే బండి కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు, వేయించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. బావ ఒప్పుకోలేదు. "దళసరి గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుందయ్యా, బండికి కుంపటి ఎందుకు?" అన్నారు. ఇద్దరివీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండ్లే. అందువల్ల దారి పొడవునా రెండు పద్ధతులనూ పక్కపక్కనే పోల్చి చూసే అవకాశం దొరికింది.

మొదట నేను కొన్నది చవక రకం. ఉన్న గ్రిప్పు మీదే చుట్టి అతికించే పట్టీలు అవి. విశాఖలో ఒక యాక్సెసరీల దుకాణంలో పది నిమిషాల్లో బిగించి ఇచ్చారు. వైర్లు నేరుగా బ్యాటరీకి కలిపారు. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్) లేదు, తాళంచెవి తీస్తే ఆగిపోయే ఏర్పాటు లేదు. జనవరిలో వాటిని పరీక్షించడానికే మళ్లీ లంబసింగి వెళ్లి, కొండ అంచున వేసిన గుడారంలో పడుకున్నాను. నేల చెమ్మ పరుపులోకి ఎక్కింది, పక్క గుడారంలో అర్ధరాత్రి దాకా పాటలు. తెల్లారి చూస్తే బ్యాటరీ దాదాపు ఖాళీ. స్విచ్ ఆపడం మరిచినందుకు రాత్రంతా గ్రిప్పులు వేడెక్కుతూనే ఉన్నాయి. ఆ బండిని కిక్ కొట్టి లేపడానికి వీలుండదు. వాలులో తోసుకుంటూ, గేరులో వేసి ఎలాగో స్టార్ట్ చేశాను. లంబసింగి మంచు చూడాలనుకునేవారికి నా సలహా: నర్సీపట్నంలో గది తీసుకుని నాలుగున్నరకు బయలుదేరండి. పొడి పక్క మీద నిద్ర పడుతుంది, సూర్యోదయమూ అందుతుంది.

తిరుగు ప్రయాణంలో నర్సీపట్నంలో ఆగి ఒక ముసలి ఎలక్ట్రీషియన్‌కు చూపించాను. ఆయన వైర్లన్నీ విప్పేసి, "బాబూ, ఇది నలభై యాభై వాట్లు లాగే వస్తువు. హెడ్‌లైట్ ఎంత తింటుందో ఇదీ దాదాపు అంతే తింటుంది. హెడ్‌లైట్‌ను స్విచ్ లేకుండా బ్యాటరీకి కడతామా?" అన్నారు. చిన్న కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చారు. బ్యాటరీ ప్లస్ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలేను మేల్కొలిపేది పార్కింగ్ లైటు వైరు. తాళం తిప్పితేనే గ్రిప్పులకు కరెంటు వెళ్తుంది. ఆ కాగితం ఇప్పటికీ నా టూల్ కిట్‌లో ఉంది. ఆయన తీసుకున్నది టీ డబ్బులే.

ఆ పట్టీలతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మామూలు గ్రిప్పు మీద చుట్టడంతో పిడికిలికి అది లావైపోయి గంట తిరక్కుండానే మణికట్టు నొప్పి పుట్టింది. అందుకని గ్రిప్పులనే మార్చే రకం తెప్పించాను. ఆక్స్‌ఫర్డ్, కోసో లాంటి పేరున్న కంపెనీలవి నేను వెతికినప్పుడు దాదాపు పది వేలకు అటూఇటూగా ఉన్నాయి. కొనేముందు మూడు సంగతులు చూడండి. మొదటిది హ్యాండిల్ కొలత: చాలా బండ్లకు అది 22 మిల్లీమీటర్లు, కొన్ని క్రూయిజర్లకు 25.4. రెండోది, బ్యాటరీ వోల్టేజీ పడిపోతే తనంతట తానే ఆగిపోయే కంట్రోలర్ (వేడిని పెంచే, తగ్గించే స్విచ్ పెట్టె). మూడో దాన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు. కుడివైపు గ్రిప్పు ప్లాస్టిక్ గొట్టం మీద కూర్చుంటుంది కాబట్టి వేడి నిలుస్తుంది. ఎడమది నేరుగా ఇనుప హ్యాండిల్ మీద ఉంటుంది, వేడిని ఆ ఇనుమే పీల్చేస్తుంది. మంచి కంపెనీలు ఎడమ గ్రిప్పుకు కాస్త ఎక్కువ వేడి వచ్చేలా చుడతాయి. చవక రకంలో రెండూ ఒకటే, అందుకే ఎడమ చెయ్యి ఎప్పుడూ చల్లగానే మిగులుతుంది.

ఈసారి ఇంట్లో నేనే బిగించాను. పాత గ్రిప్పులను బ్లేడుతో నిలువుగా కోసి తీశాను. కుడివైపు ప్లాస్టిక్ గొట్టం మీద గాడులు, గట్లు ఉంటాయి. వాటిని ఆకురాయితో నున్నగా అరగదీయాలి. ఈ పనికి నాకు రెండు గంటలు పట్టింది. ఇక్కడ తొందరపడకండి. గట్లు మిగిలితే గ్రిప్పు సగంలో ఇరుక్కుంటుంది. జిగురు పూశాక దాన్ని తిప్పి సరిచేయడానికి కొన్ని సెకన్లే ఉంటాయి. కాబట్టి జిగురు లేకుండా ఒకసారి పూర్తిగా ఎక్కించి చూసుకుని, వైరు ఏ వైపు రావాలో పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. గ్రిప్పు లోపలి అంచుకూ స్విచ్ పెట్టెకూ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. అంచు రాసుకుంటే యాక్సిలరేటర్ వదిలినా వెనక్కి రాదు. బండి స్టార్ట్ చేయకముందే హ్యాండిల్‌ను ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి, రెండు చోట్లా యాక్సిలరేటర్ 'టక్' మని మూసుకుంటోందో లేదో వినాలి. జిగురు ఆరడానికి ఒక రోజంతా వదిలేశాను.

తర్వాత మల్టీమీటరు పెట్టి చూశాను. గ్రిప్పులు పూర్తి వేడిలో, అదనపు లైట్లు, ఫోను ఛార్జరు అన్నీ వేసి బండిని నిలిపి ఇంజను నెమ్మదిగా ఆడిస్తే వోల్టేజీ 12.6 దాకా దిగింది. ఇంజను వేగం మూడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఉన్నప్పుడు 13.9కి చేరింది. అంటే పరుగులో ఇబ్బంది లేదు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం తగ్గించుకోవాలి.

బండ్లను ఢిల్లీ దాకా రైల్లో పార్శిల్ చేశాం. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేస్తేనే తీసుకుంటారు, ఆర్‌సీ నకలు కావాలి. గోనె చుట్టే ముందే కంట్రోలర్‌కు స్పాంజి కట్టాను. మనాలి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జనం, హోటళ్లు, హారన్లు. అక్కడ ఒక రాత్రి చాలు. 2020లో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటగానే గాలి మారిపోతుంది. టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అనే బోర్డు ఉంటుంది. ట్యాంకు నింపి, మరో అయిదు లీటర్లు డబ్బాలో పట్టుకున్నాం.

జిస్పాలో రెండు రాత్రులు ఉన్నాం. భాగా నది ఒడ్డున పెద్ద గుడారాల శిబిరాలు ఉన్నాయి, ఫొటోలకు బాగుంటాయి. మేము ఊళ్లో ఒక ఇంట్లో దిగాం. మందపాటి గోడలు, మోకాలి ఎత్తు రజాయిలు, వంటగదిలో పొయ్యి చుట్టూ అందరూ కూర్చుని తినే అన్నం, రాజ్మా. బండ్లు పెట్టుకోవడానికి కప్పున్న పశువుల పాక ఇచ్చారు. చలి ప్రాంతంలో బస చూసుకునేటప్పుడు గదికంటే ముందు బండికి కప్పు ఉందా అని నేను అడుగుతాను. ఆరుబయట పెట్టిన ఢిల్లీ కుర్రాళ్ల బండ్ల సీట్ల మీద ఉదయం తెల్లటి మంచు పేరుకుంది, వాటిలో రెండు అరగంట దాకా స్టార్ట్ కాలేదు. చాలామంది ఆ దారిలో సర్చూలో పడుకుంటారు. జిస్పా 3,200 మీటర్లు, సర్చూ దాదాపు 4,300. సముద్ర మట్టం నుంచి వచ్చిన మనలాంటివాళ్లు మూడో రోజే అంత ఎత్తులో నిద్రపోవడం మంచిది కాదు.

మూడో రోజు ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. బారాలాచా కనుమ పదహారు వేల అడుగుల పైన ఉంటుంది. నీడ పడిన మలుపుల్లో రోడ్డు మీద పలచని మంచు పొర. గ్రిప్పులను మొదట పూర్తి వేడిలో పెట్టి, పది నిమిషాల తర్వాత సగానికి తగ్గించాను. అరచేతికి వెచ్చదనం తెలుస్తూనే ఉంది, వేళ్లు చెప్పినట్టు వింటున్నాయి. కానీ గ్రిప్పులు అరచేతినే కాస్తాయి. చేతి వెనుక భాగానికి గాలి తగులుతూనే ఉంటుంది. దానికి హ్యాండ్‌గార్డులు ఉండాలి, నేను ముందే వేయించాను. గ్లవ్స్ కూడా అరచేతి వైపు పలచగా, వెనక దళసరిగా ఉన్నవి కొన్నాను. రెండు వైపులా దూది కూరిన గ్లవ్స్ వేసుకుంటే గ్రిప్పు వేడి చేతికి చేరదు.

బావ గ్లవ్స్ అలాంటివే. కనుమ మీద ఆగినప్పుడు ఆయన హెల్మెట్ పట్టీ విప్పుకోలేకపోయారు. నేను విప్పి, ఆయన గ్లవ్స్ తీయించి, నా బండి గ్రిప్పులను పట్టుకోమన్నాను. ఇంజను ఆడుతోంది. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వేళ్లలోకి సూదులు గుచ్చినట్టు నెత్తురు వస్తోందయ్యా" అన్నారు.

గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులు ఎక్కాక నా గ్రిప్పులు చల్లబడ్డాయి. పాంగ్‌లో టీ దుకాణం ముందు ట్యాంకు కింద చూస్తే ఫ్యూజు పోయింది. ఎడమ వైరును హ్యాండిల్ మెడ దగ్గర నేను బిగుతుగా కట్టాను. ప్రతి మలుపులో అది లాగుతూ రాసుకుని, పైతొడుగు చిరిగి ఇనుముకు తగిలింది. టేపు చుట్టి, రెండు అంగుళాలు వదులుగా కట్టి, విడి ఫ్యూజు వేశాను. ఫ్యూజు లేకపోతే ఆ వైరు కాలిపోయి ఉండేది. మోరే మైదానాల గాలిలోకి వెళ్లకముందే ఇది బయటపడటం మేలైంది. టాంగ్లాంగ్ లా కనుమ ఎత్తు 17,480 అడుగులు. అక్కడ ఇద్దరం అయిదు నిమిషాలు కూడా నిలబడలేదు.

చీకటి పడుతోందని రుమ్‌సేలోనే ఆగిపోయాం. ఇల్లు శుభ్రం, తుక్పా (నూడుల్స్ సూప్) వేడివేడిగా ఉంది, ఆ ఇంటి పెద్దావిడ "జూలే" (నమస్తే) అంటూ ముందు మా చేతులే పట్టి చూసింది. కానీ ఆ ఊరు కూడా నాలుగు వేల మీటర్ల పైనే, బావకు రాత్రంతా తలనొప్పి. మళ్లీ వెళితే ఇంకో గంట ముందుగా బయలుదేరి, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున్న ఉప్షి దాకా దిగి పడుకుంటాను.

లేహ్‌లో చాంగ్‌స్పా వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో నాలుగు రాత్రులు ఉన్నాం. నీళ్ల వేడికి సౌర పలకలు, పెరట్లో ఆప్రికాట్ చెట్లు, నిశ్శబ్దం. ఫోను విషయంలో ఒక జాగ్రత్త: మేము వెళ్లినప్పుడు బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయలేదు, పోస్ట్‌పెయిడ్ కావలసి వచ్చింది. బజారు దగ్గర ఒక మెకానిక్ నా టేపు అతుకు విప్పి, టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి ఇచ్చాడు. ఎంత అవుతుందో ముందే చెప్పాడు, అంతే తీసుకున్నాడు. నా గ్రిప్పుల మీద చెయ్యి పెట్టి చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు. మరునాడు ఖర్దుంగ్ లా ఎక్కేటప్పుడు మంచు కురిసింది. ఆ రోజు బండ్లు మార్చుకుందామని బావే అడిగారు. ఆయన గ్లవ్స్‌తో, ఆయన బండి మీద నేను పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లాను. లంబసింగి మలుపు మళ్లీ గుర్తొచ్చింది.

ఇప్పుడు బావ బండి మా ఇంటి వరండాలో ఉంది. నర్సీపట్నం కాగితం చూస్తూ రిలే ఆయనే కట్టారు, కుడి గొట్టం ఆయనే అరగదీశారు. ఎడమ గ్రిప్పు జిగురు ఇంకా ఆరాలి. రేపు సాయంత్రం దాకా తాళం నా దగ్గరే ఉంటుంది.