నా పాస్‌వర్డ్‌ను నాకే మెయిల్ చేసిన దుకాణం: కొనేవాళ్లు జాగ్రత్త

పండుగకు ముందు ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణంలో చీర కొన్నాను. పేరు చెప్పను. చీర బాగానే వచ్చింది, ఉతికినా రంగు పోలేదు. పోయింది వేరే.

కొనాలంటే ఖాతా తెరవాలన్నారు, తెరిచాను. పాస్‌వర్డ్ మా అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఒక ఎట్ గుర్తు. మొదటి అక్షరం పెద్దది, అంకెలున్నాయి, గుర్తుంది. కింద ఆకుపచ్చ గీత వెలిగి ‘పటిష్ఠం’ అని మెచ్చుకుంది కూడా. ఆరేళ్లుగా నా ఖాతాలన్నింటికీ అదే తాళంచెవి.

నెల తర్వాత ఒక అక్షరం తప్పుగా కొట్టి, మరిచిపోయానేమో అనుకుని ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ నొక్కాను. కొత్తది పెట్టుకోమని లింకు రావాలి. అలా కాకుండా నా పాత పాస్‌వర్డే పొల్లు పోకుండా మెయిల్‌లో ప్రత్యక్షమైంది. ఎంత సులువుగా ఇచ్చారో అని సంతోషించాను, నా తెలివికి ఏం చెప్పను!

బాధ్యత తెలిసిన సైటు మీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని లెక్కగట్టి, వెనక్కి మార్చలేని అక్షరాల గుత్తిగా (దీన్నే హ్యాష్ అంటారు) చేసి దాన్నే ఉంచుకుంటుంది. మీరు అడిగినా తిరిగి చెప్పడం దానివల్ల కాదు. చెప్పగలిగిందంటే అక్కడ దొంగ పడ్డ రోజున వాడికీ అంతే సులువుగా దొరుకుతుంది. 2009లో సోషల్ సైట్లకు యాప్‌లు తయారుచేసే రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు ఇలా పచ్చిగానే బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ మంది పెట్టుకున్నది 123456.

ఒకచోట దొరికిన మెయిల్, పాస్‌వర్డ్ జంటను దొంగలు వంద చోట్ల ప్రయత్నిస్తారు. నాది ఈ దుకాణం నుంచే పోయిందని రుజువు లేదు, అనుమానం మాత్రం గట్టిగా ఉంది. ఒక అర్ధరాత్రి ఎవరో నా మరో షాపింగ్ ఖాతాలోకి వచ్చి, గిఫ్ట్ కార్డు నిల్వలోని 4,600 రూపాయలతో ఆటల వోచర్లు కొన్నారు. బ్యాంకు కార్డయితే ఓటీపీ అడిగేది, ఆ నిల్వకు అడగలేదు. ‘సరైన పాస్‌వర్డ్‌తోనే వచ్చారు కదండీ’ అన్నారు ఆ షాపింగ్ సైటు వాళ్లు ఫోనులో. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు సంఖ్య వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

మీరు ఖాతా తెరిచిన చిన్న దుకాణాలన్నింటిలో ఒకసారి ఆ ‘మరిచిపోయాను’ నొక్కి చూడండి. పాతదే తిరిగి వస్తే, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడున్నా ఈ రోజే మార్చండి. ముందు ఈమెయిల్‌ది మార్చాలి, మిగతావన్నీ దాని మీదుగానే తెరుచుకుంటాయి. దానికి రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టండి. నేను మెయిల్‌కు పొంతన లేని నాలుగు మాటలు కలిపి పెట్టుకున్నాను, గుమ్మడి, రైలు, సున్నిపిండి, ఏతం లాగా. ఇవే వాడకండి, సామెతలూ పాటల పల్లవులూ వద్దు. మిగతావన్నీ పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు పుట్టించి గుర్తుపెట్టుకునే యాప్) పుట్టించినవే, నాకు ఒక్కటీ నోటికి రాదు.

దుకాణానికి ఈ సంగతి రాశాను. ‘కస్టమర్ల సౌకర్యం కోసమే అలా పంపుతున్నాం’ అని జవాబిచ్చి, పది శాతం తగ్గింపు కూపన్ జతచేశారు.