ఏజెంట్ల వేటలో మూడేళ్లు: క్వెరీట్రాకర్ వాడిన అనుభవం

నెల్లిమర్ల జూట్ మిల్లు మనుషుల మీద తెలుగులో రాసుకున్న నవలని నేనే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్నాను. తెలుగులో అయితే రాతప్రతి నేరుగా ప్రచురణకర్తకే ఇస్తాం, లేదంటే సొంత డబ్బుతో వేసుకుంటాం. అమెరికా, బ్రిటన్‌లలో పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఏజెంట్ ద్వారా, అంటే రచయిత తరఫున కమీషన్ మీద పుస్తకం అమ్మిపెట్టే మనిషి ద్వారా, వచ్చినదే చదువుతాయి. విజయనగరంలో కూర్చుని ఆ ఏజెంట్ల గురించి తెలుసుకోడానికి మూడేళ్లుగా క్వెరీట్రాకర్ అనే వెబ్‌సైట్ వాడుతున్నాను. నవలని పరిచయం చేస్తూ ఏజెంట్‌కి రాసే ఉత్తరాన్నే క్వెరీ అంటారు.

ఎవరు ఏ రకం పుస్తకాలు తీసుకుంటారు, ప్రస్తుతం కొత్తవి చూస్తున్నారా, మెయిల్ పంపాలా ఫారం నింపాలా అన్నవి ఉచిత ఖాతాలోనే దొరుకుతాయి. ఆరు నెలలు దాంతోనే నెట్టుకొచ్చాక ఏడాదికి 25 డాలర్లు కట్టాను. ఆ డబ్బుకి నాకు దక్కిన అసలు విలువ టైమ్‌లైన్. ఒక ఏజెంట్‌కి సభ్యులు ఏ రోజు క్వెరీ పంపారు, ఏ రోజు జవాబొచ్చింది అనేది వరసగా కనిపిస్తుంది. అంతకుముందు రోజూ రాత్రి పడుకునేముందు మెయిల్ తెరిచి చూసుకోవడం, ఒకటే టెన్షన్. ఒక ఏజెంట్ నా తర్వాత పంపినవాళ్లకి కూడా వద్దని చెప్పేశారు, నాకు మాత్రం ఏమీ రాలేదు. మళ్లీ చూడ్డానికి పక్కన పెట్టి ఉంటారనిపించింది. రెండు నెలలకి పూర్తి నవల పంపమని ఆవిడే రాశారు. అయితే ఈ లెక్కలన్నీ సభ్యులు తమంతట తాము నమోదు చేసినవే. చెప్పనివాళ్లు అందులో ఉండరు.

ఏజెంట్ అభిరుచి మాత్రం పుస్తకాల్లోనే పట్టుకోవాలి. నచ్చిన నవల చివర్లో కృతజ్ఞతల పేజీ తీస్తే రచయిత తన ఏజెంట్ పేరు చెప్తారు. విశాఖ వెళ్లినప్పుడల్లా పుస్తకాల షాపులో నిలబడి ఆ పేజీలే చూసేవాణ్ణి. నోట్‌బుక్ నిండింది. జైపూర్‌లోని సియాహీ లాంటి మన దేశపు ఏజెన్సీల నియమాలు వాళ్ల వెబ్‌సైట్లలోనే చదువుకున్నాను.

మొదట్లో ఒక ఏజెన్సీ చదవడానికే ముప్పై వేలు అడిగింది. కట్టేద్దామనే అనుకున్నాను. గోగునార వ్యాపారం చేసే మా బావకి చెప్తే, ‘సరుకు అమ్మకుండా కమీషనేంటి బావా?’ అన్నాడు. అక్కడి పద్ధతీ అదే. పుస్తకం అమ్మాకే స్వదేశంలో 15 శాతం, విదేశీ హక్కులకి సాధారణంగా 20 శాతం. అమెరికా ఏజెంట్ల సంఘం సభ్యులు చదివినందుకు డబ్బు తీసుకోకూడదని నియమమే ఉంది. ఆ రోజు నుంచి ఎవరికి పంపేముందైనా 1998 నుంచి ఇలాంటి మోసాల గురించి రచయితల్ని హెచ్చరిస్తున్న రైటర్ బివేర్ వెబ్‌సైట్‌లో పేరు వెతుకుతున్నాను.

నేను చేసిన పెద్ద తప్పు, మొదటి నెలలోనే ఒకే క్వెరీ ఉత్తరాన్ని ఇరవైమందికి పంపేయడం. ఉత్తరంలో లోపం తెలిసేసరికి ఆ ఇరవైమందీ అయిపోయారు. ఇప్పుడు ఐదుగురికి మించి పంపను. జవాబులు చూసి, ఉత్తరం దిద్దుకుని, మళ్లీ ఐదుగురు.

మొత్తం 46 పంపాను. 19 తిరస్కారాలు, 23 మౌనాలు, నలుగురు పూర్తి నవల అడిగారు. ముగ్గురు చదివి వద్దన్నారు. నాలుగో వ్యక్తి ఆ పక్కన పెట్టినావిడే. పూర్తి ప్రతులకి ఆవిడ నాలుగైదు నెలలు తీసుకుంటారని టైమ్‌లైన్ చెప్తోంది. నాది వెళ్లి పదకొండు వారాలైంది. ఈ ఏడాదికి మళ్లీ డబ్బు కట్టేశాను.