"5 గంటల వీడియో పడుతుంది" అన్న మెమరీ కార్డు కొంటున్నారా? ముందు ఇది చదవండి

వీడియో కోసం మెమరీ కార్డు కొనేవాళ్లు దయచేసి ప్యాకెట్ మీద గంటల లెక్క చూసి కొనకండి. నేను అలాగే కొన్నాను, మా అక్క కూతురు మొదటిసారి స్టేజీ ఎక్కిన నాటకం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఉంది నా దగ్గర.

ఆన్‌లైన్‌లో తీసుకున్న 64 జీబీ కార్డు. పేజీలో ఒకే లైనులో "4కె రికార్డింగ్, 5 గంటల వీడియో, సెకనుకు 100 ఎంబీ వరకు వేగం" అని ఉంది. నా కెమెరాలో 4కె బిట్ రేట్, అంటే వీడియో కోసం సెకనుకు రాసే డేటా, 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు), దానికి ఈ వేగం ఎక్కువే అనుకున్నాను. నాటకం మొదలైన పదకొండో నిమిషంలో కార్డు వేగం చాలడం లేదని స్క్రీన్ మీద వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. మళ్లీ బటన్ నొక్కాను, కాసేపు నడిచి మళ్లీ ఆగింది. పాప ఒక్కతే నిలబడి చెప్పే పెద్ద డైలాగు సగంలో ఉండగా మూడోసారి ఆగింది.

ఇంటికొచ్చాక కార్డు తీసి దగ్గరగా చూశాను. ఒక మూల చిన్నగా వి10 అని ఉంది. అంటే రాసే వేగం సెకనుకు కనీసం 10 ఎంబీకి మాత్రమే గ్యారంటీ. పేజీలో వేసిన 100 కార్డు నుంచి ఫైళ్లు కాపీ చేసుకునే వేగం, అదీ "వరకు" అనే మాటతో. బిట్ రేట్ బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో, 8 బిట్లయితే ఒక బైటు. 100ని 8తో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ, కార్డు హామీ ఇచ్చేది 10. నాకు కావాల్సింది వి30 కార్డు.

ఇక ఆ 5 గంటల సంగతి. సెకనుకు 12.5 అంటే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. 64 జీబీలో పట్టేది గంటా 25 నిమిషాలు, అంతే! 5 గంటలు పట్టాలంటే బిట్ రేట్ 28 ఎంబీపీఎస్ దగ్గర ఉండాలి, అది మామూలు ఫుల్ హెచ్‌డీ రికార్డింగ్‌లో కనిపించే అంకె. ఏ బిట్ రేట్‌కి 5 గంటలో రాయకుండా పక్కనే 4కె అని పెట్టడం మోసమే, నేనైతే ఇంకో మాట అనను.

ఒక విషయంలో మాత్రం అమ్మినవాళ్ల తప్పు లేదు. విండోస్ కంప్యూటర్‌లో పెడితే 64కి బదులు 59.6 చూపిస్తుంది, అది 1000తో కాకుండా 1024తో లెక్కేయడం వల్ల. దానికి టెన్షన్ పడకండి.

వాపసు అడిగితే "కార్డు పనిచేస్తోంది కదా" అన్నారు, పైగా గడువు దాటిందట. నేను కొని నెల రోజులు డబ్బా విప్పకుండా ఉంచేశాను మరి. మీరు అలా ఉంచకండి. చేతికొచ్చిన రోజే కెమెరాలో పెట్టి, అన్నిటికంటే ఎక్కువ బిట్ రేట్‌లో కార్డు నిండేదాకా ఆపకుండా రికార్డ్ చేయండి, తర్వాత చివరి నిమిషం ప్లే చేసి చూడండి. మధ్యలో ఆగినా, చివరి ఫైలు తెరుచుకోకపోయినా వెంటనే వాపసు పంపేయండి.