సెట్‌ఫాటర్: ఫైలుకు చీటీ కట్టే కమాండు, చాలాకాలం వాడాక

కడప జిల్లా శాసనాల ఫోటోలు తీసి దాచుకోవడం నాకున్న పిచ్చి. కలమళ్ళలో క్రీ.శ. 575 నాటిదని చెప్పే ధనంజయుడి శాసనం, ఎర్రగుడిపాడు, పుష్పగిరి, ఇలా ఫోల్డర్లు పెరుగుతూ పోయాయి. ఏది ఏ ఊరిది, రాయికి ఏ వైపుది అన్నదంతా ఫైలు పేరులోనే కుక్కితే పేరు మూరెడవుతుంది. అందుకని ఇలాంటి వివరాలను లక్షణాలుగా, అంటే చీటీల్లా, ఫైలుకు విడిగా తగిలించే సెట్‌ఫాటర్ కమాండును లైనక్స్‌లో పట్టుకున్నాను.

వాడకం తేలికే. మైనస్ ఎన్ తరవాత యూజర్ డాట్ విలేజ్ అని లక్షణం పేరు, మైనస్ వి తరవాత ఊరి పేరు, చివర్లో ఫైలు. గెట్‌ఫాటర్ మైనస్ డి కొడితే రాసిందంతా కనిపిస్తుంది. పేరుకు ముందు 'యూజర్ డాట్' మరిస్తే మాత్రం ఒప్పుకోదు.

నాకు బాగా నచ్చింది ఇది: ఎన్నిసార్లు చీటీ మార్చినా ఫైలు లోపలి డేటా కదలదు. ముందూ వెనకా చెక్‌సమ్ (ఫైల్లోని డేటాను బట్టి లెక్కగట్టే గుర్తు) తీసి చూడండి, ఒకటే వస్తుంది. ఫోటోలకు ఫైలు లోపలే వివరాలు రాసుకునే ఎగ్జిఫ్ ఉంది కదా అంటారు. నిజమే, కానీ అందులో రాస్తే ఫైలే మారిపోతుంది. పైగా ఊరి పెద్దాయన మాటల ఆడియోకూ, స్కాన్ పీడీఎఫ్‌కూ కూడా ఒకే పద్ధతి నాకు కావాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఒక తిరకాసుంది. విలువగా 'కలమళ్ళ' అని ఇస్తే, గెట్‌ఫాటర్ దాన్ని సున్నా, ఎస్‌తో మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగా చూపిస్తుంది. డేటా ఏమీ పాడవలేదు, బేస్64లో, అంటే బైట్లను ఇంగ్లిషు అక్షరాలు, అంకెలుగా మార్చి రాసే పద్ధతిలో చూపిస్తోందంతే. మైనస్ ఈ టెక్స్ట్ అని చేరిస్తే తెలుగు తెలుగులా వస్తుంది. ఇంకోటి, లైనక్స్ డిస్కుల్లో ఎక్కువగా వాడే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు లక్షణాలకు దొరికే చోటు మామూలుగా 4096 బైట్ల బ్లాకు దగ్గర ఆగిపోతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి. శాసన పాఠం మొత్తం ఎక్కించబోతే డిస్కులో చోటు లేదంటుంది, అక్కడ వందల జీబీలు ఖాళీగా ఉన్నా సరే! ఆ సందేశం రాసినవాళ్లకు దండం పెట్టాలి.

అసలు టెన్షన్ ఫైలు ఇల్లు దాటినప్పుడే. ఫైళ్లను కాపీ చేసే సీపీ కమాండును ఉత్తగా కొడితే చీటీలు రావు, మైనస్ ఏ పెట్టాలి. ఫోల్డర్లను ఇంకోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్‌కు పెద్ద ఎక్స్, ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్‌కు ఎక్స్‌ఆటర్స్ ఆప్షన్. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కైతే ఏం చేసినా ఎక్కవు. సీపీ మైనస్ ఏ అక్కడ కిక్కురుమనదు కూడా, అదే నాకు ఒళ్లు మండే విషయం. ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్ కూడా వీటిని పట్టించుకోదు. సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని చోట పెట్టే ఎడిటర్లతోనూ చీటీలు పోవచ్చు.

అందుకే ఫోల్డర్ మొత్తానికి గెట్‌ఫాటర్ మైనస్ ఆర్ (పెద్దది), మైనస్ డి కొట్టి, వచ్చిందాన్ని ఒక టెక్స్ట్ ఫైల్లో దాస్తాను. పెన్‌డ్రైవ్‌లో ఫోటోలతోపాటు అదీ వెళుతుంది. అవతల సెట్‌ఫాటర్‌కు రీస్టోర్ ఆప్షన్‌తో ఆ ఫైలిస్తే చీటీలన్నీ మళ్లీ వస్తాయి. కాకపోతే ఆ టెక్స్ట్ ఫైలు తీసినప్పుడు ఏ ఫోల్డర్లో నిలబడ్డారో, అవతలా దానికి సరిపోయే ఫోల్డర్ నుంచే కొట్టాలి.