మోమోనా, హారూనా: మాట తక్కువ పిల్లలకు ఏది మేలు?

నన్నడిగితే ముందు మోమో. రెండు నవలల్లోనూ పోయినదాన్ని వెతికి తెచ్చేది పిల్లలే. మిహాయెల్ ఎండె జర్మన్‌లో రాసిన ‘మోమో’ (1973)లో పోయింది ఊరందరి టైమ్, సల్మాన్ రష్దీ ‘హారూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్’ (1990)లో పోయింది నాన్న కథలు చెప్పే నేర్పు. తేడా అంతా మౌనాన్ని చూసే చూపులో ఉంది.

మోమో పాడుబడ్డ నాటకశాల శిథిలాల్లో ఒంటరిగా ఉండే పిల్ల, ఆమెకు బాగా వచ్చిన విద్య వినడం. వీధులూడ్చే బెప్పో ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక్కోసారి రోజంతా తీసుకుంటాడు, జనం అతనికి మతి సరిగా లేదనుకుంటారు, మోమో మాత్రం ఆ జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఉంటుంది. ఇక సెలూన్ నడిపే ఫూజీ దగ్గరికి టైమ్ దొంగల్లో ఒకడైన బూడిదరంగు మనిషి వచ్చి, అతని 42 ఏళ్ల జీవితాన్ని సెకన్లలోకి మార్చి, చెవులు వినపడని ముసలి తల్లి పక్కన రోజూ కూర్చునే గంట కూడా దండగేనని తేల్చేస్తాడు చూడండి, అక్కడ పెద్దవాళ్లకైనా గుండె కలుక్కుమంటుంది.

హారూన్ కథ దీనికంటే చాలా జోరుగా నడుస్తుంది. అమ్మ పైవాటాలో ఉండే ఆయనతో వెళ్లిపోయింది, నిజం కాని కథలెందుకని కొడుకే అడిగేశాడు, దాంతో నాన్న నోరు పడిపోయింది. అయితే ఇందులో విలన్ మౌనమే. నాన్న నేర్పు కోసం హారూన్ వెళ్లిన కథల సముద్రపు లోకంలో గుప్, చుప్ అని రెండు రాజ్యాలు; ప్రతి ఆజ్ఞ మీదా వాదులాడుకున్న గుప్ సైన్యం యుద్ధంలో ఒక్కటిగా నిలబడుతుంది, నోరు మెదపని చుప్ సైన్యం ఒకరినొకరు నమ్మక చెదిరిపోతుంది. తనను చంపమని ఇరాన్ నేత ఖొమేనీ 1989లో ఇచ్చిన ఫత్వా తర్వాత అజ్ఞాతంలో ఉంటూ కొడుకు కోసం రాసిన పుస్తకం కదా, రష్దీ కోపం న్యాయమైనదే. కానీ ‘ఎందుకు మాట్లాడవు?’ అని ఇంటా బయటా అనిపించుకునే పిల్లకి ఇది కూడా అదే మాట అన్నట్టుంటుంది. చేతి ముద్రలతో, అభినయంతో మాట్లాడే ముద్రా అనే యోధుడొకడు కాస్త ఊరట, కూచిపూడి నేర్చుకునే పిల్లలకు అతను వెంటనే నచ్చేస్తాడు.

అందుకే హారూన్‌ని తర్వాత ఇవ్వండి, నలుగురు కూర్చుని గట్టిగా చదువుకుంటేనే దాని సరదా. మోమో మధ్యలో కొంచెం నెమ్మదిస్తుంది, పిల్ల వారం రోజులు పక్కన పెట్టినా ఎంతవరకు వచ్చావని అడక్కండి.