ఫోటానిక్స్‌కు జాతీయ నెట్‌వర్క్: అమెరికా పద్ధతా, డచ్ పద్ధతా, జర్మన్ పద్ధతా – ఏది మేలు?

సెమీకండక్టర్ మిషన్, క్వాంటమ్ మిషన్ వార్తలు మొదలైనప్పటి నుంచి విద్యార్థులు, చిన్న పరిశ్రమలు నడిపే మిత్రులు నన్ను తిప్పి తిప్పి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఫోటానిక్స్‌లో, అంటే కాంతితో పనిచేసే చిప్‌లు, పరికరాల రంగంలో, పరిశ్రమలనూ పరిశోధనశాలలనూ ఒక తాటి మీదికి తేవాలంటే మనం ఎవరిని చూసి నేర్చుకోవాలి? ఇన్నాళ్లూ నోటి మాటగా ఏదో చెబుతూ వచ్చాను. మా కాలేజీలో తయారైన ఒక చిప్ పడిన పాట్లు చూశాక నా అభిప్రాయం గట్టిపడింది. అందుకే ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ చిప్ సంగతి. మా ఎం.టెక్. విద్యార్థి ఒకరు చిన్న సెన్సర్ డిజైను గీశాడు. దాన్ని విదేశంలో ఒక ఉమ్మడి వేఫర్ (చిప్‌లు తయారు చేసే పలుచని గుండ్రటి పలక) రన్‌కు పంపాం. షేర్ ఆటోలో సీటు కొనుక్కున్నట్టు, ఒకే వేఫర్ మీద చాలామంది డిజైన్లు సర్ది, ఖర్చు పంచుకుని తయారు చేయించుకునే ఏర్పాటు అది. చెప్పిన గడువుకు కాస్త అటూ ఇటూగా చిప్ వచ్చింది. బియ్యపు గింజ కంటే కొంచెం వెడల్పు. ఆ తరువాత ఎనిమిది నెలలు అది నా బల్ల సొరుగులోనే ఉండిపోయింది. దానికి ఫైబరు, అంటే కాంతిని మోసే సన్నని గాజు పోగు, అతికించేవారు దొరకలేదు. ఒక ప్రయోగశాలవారు తమ పనులయ్యాక చూస్తామన్నారు. ఒక విదేశీ కంపెనీ కనీసం ఇన్ని చిప్‌లుంటేనే తీసుకుంటామంది. చివరికి తేలిన అసలు లోపం మరొకటి. మావాడు కాంతి లోపలికి వెళ్లే ద్వారాలను వంద మైక్రోన్ల (మైక్రోను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడంలో పెట్టాడు. బజారులో దొరికే ఫైబర్ వరుసల్లో ఫైబర్ల మధ్య దూరం 127 లేదా 250 మైక్రోన్లు ఉంటుంది. ఆ చిప్‌కు సరిపడే వరుస ఎక్కడా లేదు. గీసేటప్పుడు ఈ మాట మాకు చెప్పినవారు లేరు.

ఫోటానిక్స్‌లో ప్యాకేజింగ్, అంటే చిప్‌కు ఫైబర్లు, తీగలు కలిపి వాడకానికి సిద్ధం చేయడం, ఎలక్ట్రానిక్స్‌లో లాంటిది కాదు. చిప్ మీద కాంతి నడిచే దారి అయిన సిలికాన్ వేవ్‌గైడ్ మందం 220 నానోమీటర్లు, వెడల్పు దాదాపు అర మైక్రోను. మామూలు టెలికాం ఫైబరులో కాంతి పరుచుకునే వెడల్పు సుమారు పది మైక్రోన్లు. చెరువు తూము నీళ్లను చుక్క చిందకుండా సూది బెజ్జంలోకి ఎక్కించడం లాంటి పని ఇది. లేజరు వెలిగించి, ఫైబరును మైక్రోనులో పదో వంతు చొప్పున జరుపుతూ, పవర్ మీటరులో అంకె పెరుగుతుందా తగ్గుతుందా అని చూస్తూ కూర్చోవాలి. అంకె శిఖరానికి చేరగానే జిగురు వేసి అతినీలలోహిత కాంతితో గట్టిపరచాలి. గట్టిపడేటప్పుడు జిగురు కొంచెం ముడుచుకుంటుంది, ఫైబరు కొంచెం కదులుతుంది, అంకె పడిపోతుంది. చాలాసార్లు చిప్ తయారీ కంటే దానికి ఫైబరు పెట్టి పరీక్షించడానికే ఎక్కువ ఖర్చవుతుంది.

అందుకే ఏ దేశపు నెట్‌వర్క్‌ను చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే. ఒక చిన్న కాలేజీ గాని, పదిమంది పనిచేసే కంపెనీ గాని తమ చిప్‌ను ఎక్కడ ప్యాకేజింగ్ చేయించుకోవాలి, ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది? సభ్యుల జాబితా ఎంత పొడుగుందో, పెట్టుబడి ఎన్ని కోట్లో తరువాత చూస్తాను.

అమెరికా పద్ధతి మన పత్రికల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 2015 జూలైలో నాటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ రాచెస్టర్ నగరంలో ఎయిమ్ ఫోటానిక్స్ అనే జాతీయ ఫోటానిక్స్ తయారీ సంస్థను ప్రకటించారు. రక్షణ శాఖ నుంచి 11 కోట్ల డాలర్లు, న్యూయార్క్ రాష్ట్రం, కంపెనీలు, విశ్వవిద్యాలయాల వాటాలతో కలిపి 60 కోట్ల డాలర్లకు పైన. 2021లో మరో ఏడేళ్లకు 32.1 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. దీని బలం ఆల్బనీలోని 300 మిల్లీమీటర్ల వేఫర్ లైను. అంత పెద్ద, అంత ఆధునికమైన లైను మీద బయటివారికీ సీటు దొరకడం గొప్ప విషయం, దాన్ని తక్కువ చేయను. డిజైను కిట్, ఉమ్మడి రన్‌ల క్యాలెండరు అన్నీ పద్ధతిగా ఉంటాయి. అయితే చిప్ ఆల్బనీలో, ప్యాకేజింగ్ రాచెస్టర్‌లో. మధ్య మూడున్నర గంటల ప్రయాణం. దూరం పెద్ద సమస్య కాదు. ఏది ఏ ఊళ్లో ఉండాలన్న లాగులాట మొదట్లోనే నడిచింది, ప్యాకేజింగ్ కేంద్రం ప్రకటన తరువాత కొన్నేళ్లకు గాని పనిలోకి రాలేదు. కొడాక్ ఒకప్పుడు ఏలిన ఊరు రాచెస్టర్. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆప్టిక్స్ సంస్థ 1929 నుంచి ఉంది. అంత పునాది ఉన్న ఊళ్లోనే ఆలస్యమైందంటే, ఆ పునాది లేనిచోట ముందు పెద్ద ఫ్యాబ్ (చిప్ కర్మాగారం) కట్టేసి మిగతావి తరువాత చూసుకుందామనుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. పైగా అది ప్రధానంగా రక్షణ శాఖ డబ్బు. ఆ శాఖ అవసరాలే ముందుంటాయి, అది సహజం.

నెదర్లాండ్స్ విషయానికి వస్తే నా మొగ్గు దాచుకోను.

అక్కడ కథ డబ్బుతో మొదలు కాలేదు. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మైంట్ స్మిట్ అనే ఆచార్యుడు, వేర్వేరు రంగుల కాంతిని చిప్ మీదే విడదీసే పరికరాన్ని 1980ల చివర్లో రూపొందించినవాడు, ఒక మాట పట్టుకున్నాడు. ప్రతి ప్రయోగశాలా తన సొంత తయారీ పద్ధతితో కుస్తీ పట్టడం మానాలి. ఎలక్ట్రానిక్స్‌లో లాగా కొన్ని ప్రామాణిక దిమ్మెలు, ఒక స్థిరమైన తయారీ పద్ధతి, అందరికీ తెరిచిన ఫౌండ్రీ, అంటే ఎవరి డిజైనునైనా చిప్‌గా చేసి ఇచ్చే కర్మాగారం, ఉండాలి. ఆ ఆలోచన నుంచి జెపిక్స్ అనే యూరోపియన్ ఉమ్మడి వేదిక వచ్చింది. డచ్ కంపెనీ స్మార్ట్ ఫోటానిక్స్ ఇండియం ఫాస్ఫైడ్ చిప్‌లు తయారు చేస్తుంది. సిలికాన్ తానుగా లేజరు కాంతిని ఇవ్వలేదు, ఇండియం ఫాస్ఫైడ్ ఇస్తుంది. కాబట్టి ఆ తయారీ దేశంలోనే ఉండటం చిన్న సంగతి కాదు. అటు తూర్పు అంచున ఎన్‌స్కెడేలో, ట్వెంటే విశ్వవిద్యాలయం పక్కన, లయోనిక్స్ సిలికాన్ నైట్రైడ్ చిప్‌లు చేస్తుంది. కాంతి నష్టం తక్కువ కావలసినచోట అవి పనికివస్తాయి. అదే ఊళ్లో ఫిక్స్ అనే కంపెనీ ఉంది. దాని పనే ఫోటానిక్ చిప్‌లకు ప్యాకేజింగ్.

నన్ను కట్టిపడేసింది ఇదే. ప్యాకేజింగ్ అక్కడ ఒక ప్రయోగశాల మూలన తీరిక దొరికినప్పుడు చేసే పని కాదు, ఒక కంపెనీ బతుకుతెరువు. అలాంటి చేయి గొలుసులో ఉంటే ద్వారాల మధ్య ఎంత ఎడం ఉండాలి, చిప్ అంచు నుంచి ఎంత దూరం వదలాలి, విద్యుత్ ప్యాడ్లు ఏ వైపు ఉండాలి అన్న నియమాలు డిజైను గీసేవారి దగ్గరికి ముందే చేరతాయి. మావాడి చేతిలో అలాంటి ఒక్క కాగితం ఉండి ఉంటే ఎనిమిది నెలలు మిగిలేవి.

ఈ ముక్కలన్నిటినీ కలిపి పట్టుకున్న సంస్థ ఫోటాన్‌డెల్టా. 2022 ఏప్రిల్‌లో దానికి 110 కోట్ల యూరోల కార్యక్రమం ప్రకటించారు. అందులో 47 కోట్లు ప్రభుత్వ జాతీయ వృద్ధి నిధివి, మిగతాది భాగస్వాములది. ఆ సంస్థ తాను ఫ్యాబ్ కట్టదు. గొలుసులో ఏ కొక్కెం బలహీనంగా ఉందో చూసి అక్కడ డబ్బు పెడుతుంది, లేదా పెట్టిస్తుంది. 2020లో స్మార్ట్ ఫోటానిక్స్ విదేశీ చేతుల్లోకి పోతుందన్న భయం వచ్చినప్పుడు డచ్ ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 3.5 కోట్ల యూరోలు సమకూర్చారు, అందులో 2 కోట్లు ప్రభుత్వమే ఇచ్చింది. గొలుసులో ఒక కొక్కెం ఊడితే మిగతావన్నీ విలువ కోల్పోతాయని వారికి తెలుసు.

లోపాలు లేవని కాదు. ఇండియం ఫాస్ఫైడ్ వేఫర్లు చిన్నవి, ఖరీదైనవి. డేటా సెంటర్లకు లక్షల్లో సరఫరా చేయాలంటే సిలికాన్ లైన్లదే పైచేయి. దేశం చిన్నది, సొంత మార్కెట్టు చిన్నది. పక్కన చిప్ తయారీ యంత్రాలు చేసే ఎఎస్ఎంఎల్ లాంటి కంపెనీ, వెనుక ఫిలిప్స్ వదిలి వెళ్లిన నైపుణ్యం ఉండటం వారి అదృష్టం. అది అరువు తెచ్చుకోలేం.

జర్మనీని చూస్తే మరో పాఠం దొరుకుతుంది. నిజానికి ఇలాంటి మొదటి నెట్‌వర్క్ యేనా పట్టణానిదే అనాలి. కార్ల్ జైస్ 1846లో వర్క్‌షాపు పెట్టాడు. ఎర్న్‌స్ట్ అబ్బే సూక్ష్మదర్శినికి గణితం ఇచ్చాడు. ఆ గణితానికి తగిన గాజు లేదని తేలినప్పుడు ఒట్టో షాట్ వచ్చి గాజు తయారుచేశాడు. పరిశ్రమ, శాస్త్రం, ముడిసరుకు ఒకే ఊళ్లో, ఒకరి అవసరం ఒకరికి తెలిసి నడిచాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జైస్ కంపెనీ తూర్పు, పడమర జర్మనీల మధ్య చీలిపోయింది, యంత్రాలు తరలిపోయాయి, 1990 తరువాత ఉద్యోగాలు పోయాయి. అయినా 1992లో, పరిశ్రమలకు పనికివచ్చే పరిశోధన చేసే ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఆప్టిక్స్ కేంద్రం అక్కడే మొదలైంది. 1999లో అక్కడి కంపెనీలు, పరిశోధనశాలల నెట్‌వర్క్ ఆప్టోనెట్ ఏర్పడింది. ఫ్రౌన్‌హోఫర్ సంస్థలకు ప్రభుత్వం స్థూలంగా మూడో వంతు ఇస్తుంది, మిగతాది కాంట్రాక్టులు, ప్రాజెక్టుల మీద సంపాదించుకోవాలి. కంపెనీ తలుపు తట్టక తప్పని ఏర్పాటు. జైస్, ట్రుంఫ్, యేనా ఫ్రౌన్‌హోఫర్ బృందం కలిసి ఈయూవీ లితోగ్రఫీకి (అతినీలలోహితం కంటే తక్కువ తరంగదైర్ఘ్యపు కాంతితో చిప్‌ల మీద గీతలు ముద్రించే పద్ధతి) అద్దాలు, లేజర్లు ఇచ్చినందుకు 2020లో జర్మన్ భవిష్య పురస్కారం అందుకున్నారు.

కానీ నేను జర్మనీ నుంచి తీసుకోమనేది పురస్కారాలను కాదు, అక్కడ ఆప్టిక్స్ ఒక వృత్తి కావడాన్ని. పదో తరగతి ఈడు పిల్లలు అప్రెంటిస్‌గా చేరి మూడున్నరేళ్లు కటకాలు సానపట్టడం, కొలవడం నేర్చుకుంటారు. మన ఐ.టి.ఐ.ల్లో ఫిట్టరు, వెల్డరు ఉన్నట్టు అక్కడ ఆప్టిక్స్ పనివాడున్నాడు. ఫైబరు అతికించే చేతికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఓపిక, అలవాటు, మంచి గురువు కావాలి.

చైనా, జపాన్, సింగపూర్ గురించీ అడుగుతున్నారు. వూహాన్ 'ఆప్టిక్స్ వ్యాలీ' ఫైబరు పరిశ్రమ మీద పెరిగింది. ఆ దేశం కుమ్మరించినంత డబ్బు, నేల, కొనుగోలు బలం మనం ఒకచోట పెట్టలేం. జపాన్‌ది 1980లలో పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీల చుట్టూ అల్లుకున్న పద్ధతి. సింగపూర్ నగర దేశం. వీటిలో మనం అనుకరించగలిగేది తక్కువ.

మరి మన దగ్గర? ముక్కలు చాలానే ఉన్నాయి. మద్రాసు ఐఐటీలో ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ సాయంతో సిలికాన్ ఫోటానిక్స్ కేంద్రం నడుస్తోంది. బెంగళూరు ఐఐఎస్సీలో నానో కేంద్రం, కోల్‌కతా గాజు సంస్థలో ప్రత్యేక ఫైబర్లు, ఇందోర్‌లో లేజర్లు, కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఫోటానిక్స్ విభాగం ఉన్నాయి. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ లేజరుతో లోహాల పని చేస్తుంది, డీఆర్‌డీఓ లేజరు పరిశోధనశాల ఉంది. 2008లో మొదలైన ఐఎన్‌యూపీ పథకం కింద దేశంలో ఏ కాలేజీ వారైనా ఐఐఎస్సీ, బొంబాయి ఐఐటీల క్లీన్‌రూముల్లో పని నేర్చుకుని చేసుకోవచ్చు. నెట్‌వర్క్ అంటే నా దృష్టిలో ఇదీ. సెమీకండక్టర్ మిషన్ 2022లో సిలికాన్ ఫోటానిక్స్ ఫ్యాబ్‌కు పెట్టుబడిలో సగం ఇస్తానంది. మంచిదే. కానీ ఆ సగం కోసం ఎదురు చూస్తూ ప్యాకేజింగ్‌ను చివరికి నెట్టేస్తే మా సొరుగులో జరిగినదే దేశమంతా జరుగుతుంది.

నా ఎంపిక డచ్ పద్ధతి. అందులోనూ చివరి కొక్కెం నుంచి మొదలుపెట్టాలంటాను. చిప్ తయారీకి ఇప్పటికిప్పుడు బయటి ఫౌండ్రీలున్నాయి, వాటికి పంపుకుందాం. ప్యాకేజింగ్ బల్లలు మాత్రం ఇక్కడే ఉండాలి, మూడు నాలుగు నగరాల్లో, ధర పట్టిక గోడ మీద రాసి, బయటివారి పనికి వారంలో రోజులు కేటాయించి. ఆ బల్లల దగ్గర ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ పిల్లలను అప్రెంటిస్‌లుగా పెట్టాలి. హైదరాబాద్ టీ-వర్క్స్‌లో ఎవరైనా డబ్బు కట్టి యంత్రాల మీద నమూనా చేయించుకుంటున్నారు కదా, ఫైబరు అతికించే బల్లకు ఆ పద్ధతి ఎందుకు కుదరదు?

మా చిప్‌కు తొమ్మిదో నెలలో, మరో ఊరి ప్రయోగశాలలో, ఒక టెక్నీషియన్ రెండు విడి ఫైబర్లతో అతికించి పెట్టారు. ఒక్కో దానికి సగం పూట పట్టింది. రెండోసారి జిగురు గట్టిపడుతున్నప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం నేను చూశాను. అంకె పడిపోయి, కొంచెం పైకి లేచి, నిలిచింది. మావాడు ఇప్పుడు రెండో డిజైను గీస్తున్నాడు. మొదట గీసినవి ద్వారాలు, 127 మైక్రోన్ల ఎడంలో.